టామీ సింగ్, సన్నాఫ్ షేరూ సింగ్

ఒకప్పుడు పిల్లాడి పేరు పెంటయ్య, కుక్క పేరు రాజా. ఇప్పుడు పిల్లాడికి పురాణం వెతికి పేరు పెడుతున్నాం, కుక్కకేమో ఇడ్లీ అని పెడుతున్నాం. మధ్యలో ఏం జరిగింది?

జులై 6, ఉదయం ఎనిమిదిన్నర. గుంటూరు జిల్లాలో ఒక పశువుల ఆసుపత్రి. జంతువుల నుంచి మనిషికి సోకే జబ్బుల దినం, అంటే జూనోసిస్ దినం కాబట్టి కుక్కలకు రేబిస్ టీకా ఉచితం. గొలుసు పట్టుకున్నవాళ్లు, కొబ్బరితాడు పట్టుకున్నవాళ్లు, ఏదీ దొరక్క పాత చున్నీ కట్టి లాక్కొచ్చినవాళ్లు వేపచెట్టు కింద వరసలో నిలబడ్డారు. ఆ మొరుగుళ్ల మధ్య కాంపౌండరు గొంతు పెంచి రిజిస్టరు నింపుతున్నాడు.

“పేరు?”

“రవికుమారండి.”

“మీది కాదండీ బాబూ, దానిది.”

“ఓ... జాకీచాన్.”

తర్వాత ఒక ముసలమ్మ. పక్కన తెల్లటి ఊరకుక్క.

“పేరేంటమ్మా?”

“నల్లోడు.”

కాంపౌండరు తలెత్తి కుక్కను చూశాడు, మళ్లీ ముసలమ్మను చూశాడు. “ఇది తెల్లగా ఉంది కదమ్మా?”

“నల్లగా ఉన్నోడు నిరుడు పోయాడు నాయనా. ఆ గిన్నె, ఆ గోనెసంచి, ఆ పేరు వీడికిచ్చాం.”

వరసలో ఇంకా చాలామంది ఉన్నారు. గ్రేట్ డేన్ పేరు చీమ. పిడికెడంత పమేరియన్ పేరు బాహుబలి. హైదరాబాదు నుంచి సెలవుకొచ్చిన సాఫ్ట్‌వేర్ జంట తమ షిట్జూ పేరు మైసూర్‌పాక్ అని చెప్పి, స్పెల్లింగు కూడా చెప్పబోయారు. కాంపౌండరు వద్దన్నాడు. ఇంతలో ఒకావిడ చేతిలోంచి తాడు జారింది. “రాజా! ఒరేయ్ రాజా!” అని కేకేసింది. కుక్క ఆగలేదు కానీ క్యూలో ముగ్గురు మగాళ్లు వెనక్కి తిరిగారు.

ఈ నవ్వుల సంగతిలోకి ఈమధ్య కొంచెం వేడి చేరింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకు తరలించమంది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది: కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసి, టీకా వేసి, ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి, రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలకూడదు, తిండి పెట్టేవాళ్లు కేటాయించిన చోటే పెట్టాలి. అప్పటినుంచి ప్రతి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోనూ ఇదే రగడ. గమనించారో లేదో, పట్టుకెళ్లమనేవాళ్లు “ఆ కుక్కలు” అంటారు. వద్దనేవాళ్లు “మన లాలూ”, “మన కరీనా” అంటారు. ఎవరు ఏ పక్షమో తెలుసుకోవడానికి మొదటి వాక్యం చాలు, అందులో పేరుందా లేదా చూస్తే సరి.

కుక్కతో ఇంగ్లిషు

తెలుగు పల్లెల్లో చాలాకాలం కుక్క పేరంటే రంగు పేరే. నల్లోడు, ఎర్రోడు, మచ్చలది, బొచ్చుది, కాలు దెబ్బతింటే కుంటిది. పిలవడానికి ఒక “చ్చుచ్చు”, ఉసిగొల్పడానికి ఒక “ఉస్కో” ఉంటే సంసారం గడిచిపోయేది. విడిగా పేరు పెట్టాల్సిన అవసరం సీమకుక్కతో పాటు వచ్చింది. కలెక్టరు బంగళాలో, రైల్వే క్వార్టర్సులో, మిషనరీ దొరగారి వాకిట్లో తిరిగిన కుక్కలకు టైగర్, సీజర్, జిమ్మీ అని పేర్లుండేవి. ఆ కుక్క పిల్లలు పెట్టి గుమస్తా ఇంటికి, కరణంగారింటికి చేరినప్పుడు పేర్లు కూడా చేరాయి. ఇంగ్లాండులో మామూలు సిపాయిని టామీ అనడం వాడుక. మన దగ్గర ఆ పేరు గుమ్మం ముందు పడుకున్న కాపలాదారుకు స్థిరపడింది.

పేరుతో పాటు భాష కూడా దిగుమతైంది. ఇంట్లో ఎవరికీ ఇంగ్లిషు ముక్క రాకపోయినా కుక్కతో మాత్రం ఇంగ్లిషే. సిట్, కమ్, గో, షేక్‌హ్యాండ్. మనవడు పదో తరగతి ఇంగ్లిషు పరీక్ష తప్పితే, “టామీగాడు నయంరా, వాడికి నాలుగు ముక్కలైనా వచ్చు” అని తిట్టిన తాతలున్నారు. ఇప్పటికీ జాతికుక్కకు ఇంగ్లిషు, వీధికుక్కకు “ఛీ పో” అన్న విభజన పూర్తిగా పోలేదు.

జాతుల పేర్లదీ ఇదే తీరు. జర్మన్ షెపర్డ్‌ను మన పెద్దవాళ్లు ఆల్సేషన్ అంటారు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి జర్మనీ పేరెత్తితేనే బ్రిటిష్‌వాళ్లకు మంట. అందుకని కుక్క పేరులోంచి దేశాన్నే తీసేశారు. 1977 దాకా అక్కడి కెన్నెల్ క్లబ్బు ఆల్సేషన్ అన్న మాటనే పట్టుకు వేలాడింది. వాళ్ల కోపం చల్లారి యాభై ఏళ్లు కావస్తున్నా మన నాలుక మీద మాత్రం ఆ మాట నిలిచిపోయింది.

పెంటయ్యలు, రాజాలు

పుట్టిన పిల్లలు పుట్టినట్టు పోతుంటే, తర్వాత పుట్టినవాడిని చేటలో వేసి కాస్త ఊక చల్లి, దొర్లించి, పెంటయ్య అనో పుల్లయ్య అనో తవుడు అనో పేరు పెట్టేవాళ్లు. యముడి కన్ను పడకుండా ఉండటానికి పేరును పాడుచేసేవాళ్లు. అదే ఇంట్లో కుక్క పేరు రాజా, పిల్లి పేరు రాణి. బిడ్డ బతకాలంటే పేరు నీచంగా ఉండాలి, కుక్క మీద అటువంటి భయం లేదు గనక ముచ్చటంతా దాని మీద తీర్చుకునేవాళ్లు.

ఇప్పుడు లెక్క తిరగబడింది. మనవరాలికి పేరు పెట్టాలంటే నక్షత్రం, న్యూమరాలజీ, పాస్‌పోర్టులో ఎన్ని అక్షరాలు, అమెరికావాడి నోరు తిరుగుతుందా అని నెలరోజులు చర్చ. ఇంట్లో ఎవరికీ నవ్వొచ్చే పేరు వద్దు. ఆ నవ్వంతా కుక్కకు మిగిలింది. అందుకే ఇడ్లీ, సున్నుండ, జిలేబీ, పచ్చిపులుసు, ఉప్మా. ఉప్మా అని పేరు పెట్టిన అబ్బాయిని అడిగితే, “ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదండీ, అయినా రోజూ ఉంటుంది” అన్నాడు. తినే వస్తువు పేరు పెట్టడంలో ఒక వెసులుబాటు కూడా ఉంది: కులం, మతం, పార్టీ ఏదీ అంటదు. బిర్యానీ మా మనోభావాలు దెబ్బతీసిందని ఇంతవరకు ఎవరూ స్టేషనుకు వెళ్లలేదు.

పాతకాలపు మనుషుల పేర్లు కూడా కుక్కల దగ్గరికి చేరుతున్నాయి. సూరిబాబు, వెంకాయమ్మ, పుల్లారావు. పెట్టినవాళ్లకు అది ముద్దు. ఆ పేరుతో డెబ్బై ఏళ్లు బతికినవాళ్లకు అంత ముద్దనిపించదు. అమెరికాలో కొడుకు ఇంటికి మొదటిసారి వెళ్లిన ఓ పెద్దాయన అనుభవం ఇది. తలుపు తెరవగానే కోడలు లోపలికి చూసి “సుబ్బూ, సిట్!” అంది. సుబ్బారావుగారు చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చున్నారు. తర్వాత కొడుకు, “మిమ్మల్ని రోజూ తలుచుకోవడానికే పెట్టుకున్నాం నాన్నా” అని సర్దిచెప్పబోయాడు. “తలుచుకోండి నాయనా, గొలుసు మాత్రం కట్టకండి” అన్నారాయన. ఆరు నెలల వీసా పూర్తయ్యేలోపు సాయంత్రం షికారుకు సుబ్బును తిప్పే పని ఆయనదే అయింది. పార్కులో ఎవరైనా కుక్క పేరు అడిగితే బ్రూనో అని చెప్పేవారట.

---
బాక్సు: పేరు పొట్టిగా ఉండాలన్న గ్రీకు పెద్దమనిషి

• దాదాపు రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందటే గ్రీకు రచయిత జెనొఫోన్ వేట గురించి రాసిన పుస్తకంలో, కేకేసి పిలవడానికి వీలుగా కుక్కల పేర్లు పొట్టిగా ఉండాలని చెప్పాడు. చెప్పి ఊరుకోక 47 పేర్ల జాబితా ఇచ్చాడు.

• పదిహేనో శతాబ్దపు ఇంగ్లిషు రాతప్రతి ఒకదానిలో వేటకుక్కల పేర్లు 1,065 ఉన్నాయి. అందులో ‘గార్లిక్’ ఒకటి. అంటే వెల్లుల్లిపాయ! తిండి పేర్లు మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కనిపెట్టినవి కావన్నమాట. ‘నేమ్‌లెస్’ అనే పేరున్న కుక్క కూడా అందులో ఉంది.

• పేరు ఆజ్ఞలా వినిపించకూడదన్నది ట్రైనర్లు చెప్పే మాట. తెలుగులో ఆజ్ఞలిచ్చే ఇళ్లలో పోలో అని పెడితే “పో” అన్నప్పుడల్లా దగ్గరికొస్తుంది. రామ్ అని పెడితే “రా” అన్నది ఎవరినో దానికి తేలదు.

• అమెరికన్ కెన్నెల్ క్లబ్బులో ఒకే జాతికి చెందిన 37 కుక్కల దాకా ఒకే పేరు పెట్టుకోవచ్చు. పేరు చివర రోమన్ అంకె క్లబ్బే తగిలిస్తుంది.
---

తెర మీంచి దిగినవాళ్లు

సినిమా వచ్చాక పేర్ల కరువు తీరింది. 1994 నాటి ‘హమ్ ఆప్కే హై కౌన్’ను తెలుగువాళ్లు ‘ప్రేమాలయం’గా చూశారు. అందులో క్రికెట్ అంపైరింగ్ చేసే టఫీ పేరు ఊరూరా మొరిగింది. అదే ఏడాది ‘లయన్ కింగ్’ నుంచి సింబా వచ్చింది. సింహం పేరు కుక్కకు పెట్టడమేమిటని అడక్కండి, గ్రామసింహం అని కుక్కకు మన పండితులు ఏనాడో బిరుదిచ్చేశారు. ‘కె.జి.ఎఫ్.’ తర్వాత పాత రాకీకి కొత్త దర్జా వచ్చింది. ‘777 చార్లీ’ వచ్చిన 2022 తర్వాత లాబ్రడార్లకు చార్లీ పేరు తప్పనిసరి అన్నంత పని జరిగింది. ఆ సినిమాలో కుక్క టీవీలో చార్లీ చాప్లిన్‌ను చూసి మురిసిపోతుంది కాబట్టి ఆ పేరు. అంటే మన వీధిలో తిరిగే చార్లీలకు మూలపురుషుడు లండన్‌లో పుట్టిన ఒక నటుడు.

తారల ఇళ్లలో కుక్కల పేర్లు వేరే తరహా. రామ్‌చరణ్, ఉపాసనల ఇంట్లో రైమ్. సమంత ఇంట్లో హ్యాష్, సాషా. విజయ్ దేవరకొండ హస్కీకి సోషల్ మీడియాలో ఇంటిపేరుతో సహా స్టార్మ్ దేవరకొండ అని గుర్తింపు. రతన్ టాటా పద్ధతి అన్నిటికన్నా తేలిక. గోవాలో వెంటపడిన వీధికుక్కపిల్లను తెచ్చుకుని గోవా అనే పిలిచారు. 2024 అక్టోబరులో ఆయన భౌతికకాయం దగ్గరికి ఆ కుక్కను తీసుకొచ్చినప్పుడు దేశమంతా దాని పేరు తెలుసుకుంది.

వీటన్నిటికన్నా విచిత్రం ఒక ఫోను కంపెనీ ప్రకటన. 2003లో హచ్ వాళ్లు పిల్లాడి వెనకాలే నడిచే పగ్‌ను చూపించారు. ఆ కుక్క పేరు చీకా. కానీ ఆ పేరు ఎవరికి కావాలి? జాతి మొత్తం హచ్ కుక్క అయిపోయింది. 2007లో కంపెనీ పేరు వొడాఫోన్‌గా మారితే కొందరు మర్యాదగా వొడాఫోన్ కుక్క అన్నారు. మా వీధిలో మాత్రం హచ్ కుక్కే. కంపెనీలు కలిశాయి, పేర్లు మారాయి, రీఛార్జి రేట్లు పెరిగాయి. కుక్క సిమ్ మార్చలేదు.

అంతకు ముందు తరానికి గ్రామఫోను రికార్డు మీద కుక్క గుర్తు. బాకా ముందు చెవి వాల్చి కూర్చున్న ఆ కుక్క అసలు పేరు నిప్పర్. ఇంటికొచ్చినవాళ్ల పిక్కలు కొరుకుతుందని పెట్టిన పేరది. మన పెరటి భాషలో చెప్పాలంటే పిక్కలు పట్టేది. బొమ్మలో ఎంత బుద్ధిమంతుడిలా కూర్చుందో!

పేరు తెచ్చిన తంటా

కుక్కకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు, చట్టం అడ్డురాదు. కాగితాల్లోకి ఎక్కినప్పుడే గొడవ. 2015లో మధ్యప్రదేశ్‌లోని భిండ్ జిల్లాలో ఒక ఆధార్ కార్డు బయటపడింది. పేరు టామీ సింగ్. తండ్రి పేరు షేరూ సింగ్. ఫొటోలో బుద్ధిగా చూస్తున్న కుక్క. నమోదు కేంద్రం నడిపే కుర్రాడు అరెస్టయ్యాడు. కుక్కకు ఇంటిపేరు పెట్టడంతో ఆగకుండా తండ్రి పేరు గడి కూడా ఖాళీగా వదలకపోవడంలో ఉన్న శ్రద్ధ మాత్రం మెచ్చుకోదగ్గది.

పదేళ్లకు బిహార్ ఆ రికార్డు బద్దలుకొట్టింది. 2025 జులైలో పట్నా దగ్గర మసౌఢీలో డాగ్ బాబు పేరిట నివాస ధ్రువపత్రం జారీ అయింది. తండ్రి కుత్తా బాబు, తల్లి కుతియా దేవి. ఓటర్ల జాబితా సవరణ వేడిగా సాగుతున్న రోజులవి. మన పేరులో ఒక అక్షరం తేడా ఉంటే మండలాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిప్పుతారో తెలిసినవాళ్లకు ఈ వార్త చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పత్రం రద్దయింది, కేసులు పెట్టారు.

మనిషి పేరుకు తగిలితే నవ్వు అక్కడితో ఆగదు. 2023 అక్టోబరులో రాహుల్ గాంధీ తల్లికి ఒక కుక్కపిల్లను కానుకగా ఇచ్చి నూరీ అని పేరు పెడితే, ఉత్తరప్రదేశ్‌లో మజ్లిస్ పార్టీ నాయకుడొకరు ఆ పేరు తమ ఆడపిల్లలదని కోర్టుకెక్కారు. 2025లో ఇండోర్‌లో పక్కింటాయనతో పడని ఒకతను తన కుక్కకు ‘శర్మాజీ’ అని పేరు పెట్టి వీధిలో గట్టిగా పిలవసాగాడు. పక్కింటాయన పేరేమిటో చెప్పనక్కర్లేదు. ఇద్దరూ పోలీస్ స్టేషను దాకా వెళ్లారు. ఇది మనకు కొత్తా? గట్టు తగాదాలో ఎదుటివాడి పేరు గొడ్డుకు పెట్టి, అతను దారిన పోతున్నప్పుడు దాన్ని తిట్టడం పల్లెల్లో పాత విద్యే.

కానీ 2021 డిసెంబరులో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో జరిగింది చదివితే నవ్వు రాదు. ఒకావిడ కుక్కపిల్లకు సోనూ అని పేరు పెట్టుకుంది. పొరుగింటి ఇల్లాలి ముద్దుపేరు కూడా అదే. కావాలనే పెట్టిందని పొరుగువాళ్లు గొడవకొచ్చి కుక్కపిల్లను పెంచుకునే ఆవిడ మీద కిరోసిన్ పోసి నిప్పంటించారు. కాలిన గాయాలతో ఆసుపత్రి పాలైంది.

---
బాక్సు: పేరు మారిన ప్రయాణికులు

• 1957 నవంబరు 3న అంతరిక్షానికి వెళ్లిన లైకా మాస్కో వీధికుక్క. మొదట దాన్ని కుద్ర్యావ్కా అనేవారు, అంటే ఉంగరాల జుట్టుది. పల్లెటూళ్లో మన బొచ్చుది ఎలాగో అదీ అంతే.

• 1951లో సోవియట్ రాకెట్ ప్రయోగానికి ముందు బోబిక్ అనే కుక్క తప్పించుకుపోయింది. అక్కడక్కడే తిరిగే మరో కుక్కను పట్టి ఎక్కించారు. దాని పేరు ‘జిబ్’. రష్యన్‌లో ‘మాయమైన బోబిక్‌కు బదులు’ అన్న మాటల మొదటి అక్షరాలు.

• జపాన్‌లో షిబుయా స్టేషను దగ్గర యజమాని కోసం దాదాపు పదేళ్లు ఎదురుచూసిన హచికో పేరులో ఉన్నది ఒక అంకె. హచి అంటే ఎనిమిది.

 
---

డ్యూటీలో ఉన్నవాళ్లు

పోలీసు, సైన్యం కుక్కల పేర్లు ఒక్కోసారి ఇంటి కుక్కల పేర్ల కన్నా మెత్తగా ఉంటాయి. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి వెళ్లిన మన ఎన్డీఆర్‌ఎఫ్ బృందంలో జూలీ, రోమియో ఉన్నాయి. శిథిలాల కింద ప్రాణాలతో ఉన్న ఆరేళ్ల పాప జాడ పట్టాయవి. మన ఊళ్లో ప్రతి రెండో ఇంటి కుక్కకు ఉండే పేర్లే. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని చెప్పిన సైనిక కుక్కల్లో బలరామ్, భావన ఉన్నాయి. అమర్‌నాథ్ యాత్ర దారిలో 2006లో పేలుడు పదార్థాలు పట్టుకుంది బలరామ్. ముంబైలో 1993 పేలుళ్ల తర్వాత మూడు వేల కిలోలకు పైగా ఆర్డీఎక్స్ వాసన పట్టిన లాబ్రడార్‌కు అమితాబ్ సినిమా చూసి జంజీర్ అని పేరు పెట్టారు. 2000లో అది చనిపోతే పోలీసు లాంఛనాలతో సాగనంపారు.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. మార్చిలో కేరళ పోలీసుల కుక్కలు రెండింటిని రప్పించారు. వాటి పేర్లు మాయ, మర్ఫీ. వయనాడ్‌లో కొండచరియల కింద వెతికినవి కూడా అవే. బురద, నీళ్లు, యంత్రాల చప్పుడు మధ్య వాసన పట్టడానికి లోపలికి వెళ్లాయి. ఆ రోజుల్లో టీవీ చూసిన ఇళ్లలో అందరి నోటా ఆ రెండు పేర్లే. బయట ఎదురుచూస్తున్న కార్మికుల ఇంటివాళ్ల పేర్లు మనకెవరికీ గుర్తులేవు.

పేరున్నవి, పేరు లేనివి

మహాభారతం ఆదిపర్వంలో మొట్టమొదట్లోనే ఒక కుక్క న్యాయం అడుగుతుంది. పేరు సరమ. ఏ తప్పూ చేయని నా కొడుకును నీ తమ్ముళ్లు ఎందుకు కొట్టారని జనమేజయుణ్ని నిలదీసి శాపం పెట్టి పోతుంది. దెబ్బలు తిన్న పిల్లకు వేరే పేరు లేదు, తల్లిని బట్టి సారమేయుడు. భారతం చివర ధర్మరాజు వెంట స్వర్గం వాకిలి దాకా నడిచిన కుక్కకు ఆ పాటి పేరు కూడా లేదు. అంతమంది వీరుల గుర్రాలకు, శంఖాలకు, విల్లులకు పేర్లు పెట్టిన కథలో దాన్ని ఎవరూ ఏమనీ పిలవలేదు. అయినా ధర్మరాజు దాన్ని వదిలిపెట్టలేదు.

వీధుల్లో జరిగేది ఇందుకు తలకిందులు. పిలిచేవాళ్లు బోలెడంతమంది, నాది అనేవాళ్లు ఎవరూ లేరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ని వీధికుక్కలు చంపేశాయి. సీసీటీవీలో ఆ దృశ్యం చూసినవాళ్లు ఇప్పటికీ మరచిపోలేదు. అటువంటి వార్త వచ్చిన మర్నాడు కాలనీల్లో ముద్దుపేర్లన్నీ మాయమవుతాయి. నిన్నటి దాకా “మా రోజీ” అన్న నోరే “అదెవరిదో తెలీదండీ, ఎప్పుడో ఓసారి రొట్టెముక్క వేశాను” అంటుంది. పేరు పెట్టడానికి ఖర్చు లేదు. టీకా వేయించాలంటే ఆటోలో ఎక్కించుకుపోవాలి, చేయించిన ఆపరేషనుకు కుట్లు మానేదాకా చూడాలి, అది ఎవరినైనా కరిస్తే ఆసుపత్రికి వెంట వెళ్లాలి. ముచ్చటపడి పేర్లు పెట్టేవాళ్లలో ఈ మూడు పనులూ చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆ కొద్దిమందికీ మిగతా కాలనీతో రోజూ తగువే.

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కకు కొత్త హోదా ఇచ్చాయి, కమ్యూనిటీ యానిమల్ అని. జనం మాట్లాడుకునేటప్పుడు ఊరకుక్క కాస్తా ఇండీ అయింది. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ జలగం వెంగళరావు పార్కులో పెట్టిన దత్తత మేళాలోనూ అదే మాట. పేరు మారితే చూపు కొంత మారుతుంది, నిజమే. ఇండీ అన్నాక కొందరు ఇంట్లోకి రానిచ్చారు, చలికాలం స్వెట్టరు కూడా తొడిగారు.

కూకట్‌పల్లిలో ఒక సందు ఉంది. అక్కడి గోధుమరంగు ఆడకుక్క మూడో నంబరు ఇంట్లో కరీనా, టిఫిన్ సెంటరు వాళ్లకు లచ్చి, ఐదో అంతస్తు పిల్లలకు మిల్కీ, వాచ్‌మన్‌కు “ఏయ్”. ఒకరోజు మున్సిపాలిటీ బండి వచ్చి పట్టుకుపోయింది. ఆపరేషను అయ్యాక, చెవి కొస కత్తిరించి, అదే సందులో దింపడానికి వచ్చిన కుర్రాడు చేతిలో కాగితంతో “ఇదెవరిదండీ, పేరేంటి, సంతకం ఎవరు పెడతారు?” అని అడిగాడు. మూడో నంబరావిడ టిఫిన్ సెంటరు వైపు చూపించింది. వాళ్లు మేడ మీది పిల్లల్ని చూపించారు. పిల్లలు హోంవర్కు ఉందని లోపలికెళ్లారు. చివరికి వాచ్‌మన్ పెన్ను అడిగి తీసుకుని, పేరు గడిలో తనకు తెలిసిన పేరే రాసి సంతకం పెట్టాడు.